చలికాలానికి పాడె కట్టే ఊరు

హంగరీలో ఎవరికైనా పర్సు పోయినా, ఉద్యోగం ఊడినా పక్కవాళ్లు ఓ మాట అంటారు: ‘మోహాచ్‌లో ఇంతకంటే ఎక్కువే పోయిందిలే’ అని. మోహాచ్ దేశానికి దక్షిణాన, డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న చిన్న టౌన్. జనాభా 20 వేల లోపే. 1526 ఆగస్టు 29న ఆటోమన్ సుల్తాన్ సులేమాన్ సైన్యం ఈ ఊరి దగ్గరే హంగరీ సైన్యాన్ని కొద్ది గంటల్లో తుడిచిపెట్టేసింది. 20 ఏళ్ల రాజు రెండో లాయోష్ పారిపోతూ వాగులో పడి చనిపోయాడు. ఆ తర్వాత దేశం నడిబొడ్డు సుమారు 150 ఏళ్లు టర్కుల చేతిలోనే ఉండిపోయింది. సామెత పుట్టిందంటే పుట్టదా మరి!

అలాంటి ఊరికి ఏటా చలికాలం చివర్లో జనం పిల్లాపాపలతో పండగకి వెళ్తారు. పండగ పేరు బుషోయారాష్. 2009లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

బుషో అంటే ఎవరో చెప్పాలి. విల్లో చెక్కతో చెక్కిన, కొమ్ములున్న రాక్షసుడి ముఖం. ఒంటి మీద బొచ్చు బయటికి కనిపించేలా తిరగేసి వేసుకున్న గొర్రెతోలు కోటు. గడ్డి కూరిన తెల్లటి లాగు, నడుముకి ఆవు మెడలో కట్టే గంట. చేతిలో కొయ్య గిలక ఒకటి, తిప్పితే టకటకమని చెవులు చిల్లులు పడతాయి. ఒకప్పుడు మాస్కులకి జంతువుల రక్తంతో రంగు వేసేవారట. తిరుపతి గంగజాతర వేషాలు చూసినవాళ్లకి ఈ హడావుడి కొత్తగా అనిపించదు. కాకపోతే ఇక్కడ వేషాలన్నీ గడ్డకట్టే చలిలో!

పండగ ఆరు రోజులు. గురువారం పిల్లలది, చిన్నచిన్న వేషాలతో వాళ్లే ఊరేగుతారు. అసలు సందడి ఆదివారం. వందలమంది బుషోలు అవతలి ఒడ్డు నుంచి పడవల్లో తెడ్లు వేసుకుంటూ నది దాటి వస్తారు. గంటలు, గిలకలు, ఫిరంగి మోతలతో ఊరంతా దద్దరిల్లిపోతుంది.

మాతో వచ్చిన మా అక్క కూతురికి ఆరేళ్లు. మొదటి బుషోని చూడగానే బావ కోటులో దూరిపోయింది. ఆ రాక్షసుడు దూరం నుంచే ఆగి, మోకాళ్ల మీద కూర్చుని, గిలకని నెమ్మదిగా నేల మీద పెట్టి వెనక్కి జరిగాడు. పది నిమిషాల తర్వాత గిలక దాని చేతిలో ఉంది, చెవులు మూసుకున్నది మేము. చిన్నపిల్లలున్నవాళ్లు గురువారంతో మొదలుపెడితే మంచిది. ఆదివారం గుంపు పెద్దవాళ్లనే తోసేస్తుంది.

ఊళ్లో చెప్పే కథ ఇదీ: టర్కులకి భయపడి జనం నది అవతల చిత్తడి నేలల్లో దాక్కున్నారు. ఓ రాత్రి దెయ్యాల ముఖాలు తగిలించుకుని నది దాటి వస్తే, టర్కులు దడుచుకుని పారిపోయారు. వినడానికి బాగుంది గానీ టైమ్‌లైన్‌లో బగ్ ఉంది. పండగ మొదలుపెట్టింది షోకాట్స్ అనే క్రొయేషియన్ మూలాలున్నవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది ఇక్కడ స్థిరపడింది టర్కుల పాలన ముగుస్తున్న రోజుల్లో, అంటే 17వ శతాబ్దం చివర్లో. నిజం యుద్ధంలో ఓడిన ఊరు కథలో మాత్రం ఏటా గెలుస్తుందన్నమాట. ఈ బగ్ ఫిక్స్ చేయకుండా వదిలేయడమే మేలు.

నాకు ఇంకా నచ్చింది వేరే సంగతి. ఒకప్పుడు ఒక్క షోకాట్స్‌ వాళ్లదే అయిన పండగ ఇప్పుడు ఊరందరిదీ. ఏ మూలాల వాళ్లయినా బుషో బృందాల్లో చేరిపోతున్నారు. మాస్కులు చెక్కే పని పెద్దవాళ్లు కుర్రాళ్లకి నేర్పుతున్నారు. మైనారిటీ ఆచారం మ్యూజియంలో అద్దాల వెనక్కి చేరిపోకుండా బతకాలంటే ఇంతకన్నా మంచి దారి ఏముంటుంది?

తిండి విషయానికొస్తే, మట్టికుండలో ఉడికించే బీన్స్ కూర ఇక్కడ ఫేమస్. అందులో పంది మాంసం ఉంటుంది, తిననివాళ్లు ముందే అడగాలి. పెద్ద పూరీలాంటి లాంగోష్ మీద వెల్లుల్లి, చీజ్ వేసి ఇస్తారు, చలికి ప్రాణం లేచొస్తుంది. పిల్లలకి ఫాంక్ అనే జామ్ డోనట్లు.

ఓపికుంటే దగ్గర్లోని షాటోర్‌హేయ్‌కి వెళ్లండి. 1526 యుద్ధంలో చనిపోయినవాళ్ల సామూహిక సమాధులు బయటపడిన చోట 1976లో స్మారక వనం కట్టారు. గడ్డి మధ్య చెక్కిన కొయ్య స్తంభాలు నిలబడి ఉంటాయి. డప్పుల మోత తర్వాత అక్కడి నిశ్శబ్దం గట్టిగానే తగులుతుంది.

బుడాపెస్ట్ నుంచి పేచ్ వరకు రైలు, అక్కడి నుంచి 40 కిలోమీటర్లు బస్సు. పండగ రోజుల్లో మోహాచ్‌లో గది దొరకడం కష్టం, పేచ్‌లో దిగితే నయం. షెంగెన్ వీసా చాలు, కానీ జేబులో యూరోలు కాదు, ఫోరింట్లు ఉండాలి. తేదీలు ఈస్టర్‌ని బట్టి మారతాయి. 2027లో ఈస్టర్ మార్చి 28న కాబట్టి పండగ ఫిబ్రవరి 4 నుంచి 9 వరకు వస్తుంది.

ఆఖరి రోజు మంగళవారం. చీకటి పడ్డాక చలికాలం పేరుతో చేసిన శవపేటికని ఊరి నడిమధ్య మంట మీద పెట్టి తగలబెడతారు. మన భోగిమంటే, కాస్త నాటకం ఎక్కువ. చుట్టూ బుషోలు, జనం కలిసి గంతులేస్తారు. అప్పటికి మా పిల్ల బావ భుజం మీద నిద్రపోయింది, గిలక మాత్రం వదల్లేదు.