మౌంట్ హెలెనా నడకదారులు

మౌంట్ హెలెనా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మోంటానా రాష్ట్ర రాజధాని అయిన హెలెనా నగరాన్ని ఆనుకొని, నైరుతి దిశలో ఉన్న ఒక సున్నపురాతి కొండ. దీని ఎత్తు సముద్రమట్టం నుండి 1,667 మీటర్లు. కొండ నగరపాలక సంస్థకు చెందిన ఉద్యానవనం. ఊరి అంచున మొదలయ్యే కాలిబాటలు ఒకదానితో ఒకటి కలుస్తూ శిఖరానికి, అక్కడి నుండి వెనుకనున్న పొడవైన కొండగట్టు మీదకు సాగుతాయి. చూడటానికి ఇవి తేలికైన దారులే. అయితే నీడ తక్కువ, త్రాగునీరు అసలే లేదు.

చరిత్ర

1864లో ఈ కొండ దిగువనున్న లోయలో బంగారం దొరకడంతో హెలెనా పట్టణం వెలసినది. గనులకు, ఇండ్లకు, వంటచెరకుకు చుట్టుప్రక్కల కొండలపై చెట్లను నరికివేశారు. నేడు కనిపించే అడవి చాలావరకు ఆ తరువాత పెరిగినదే. శిఖరానికి వెళ్ళే దారులలో ప్రసిద్ధమైన దానికి 1906 అనే సంవత్సరమే పేరు. దారిలో డెవిల్స్ కిచెన్ (దయ్యపు వంటిల్లు) అనే రాతిగుహ ఉన్నది.

అడవి స్వరూపం

ఇక్కడి ముఖ్యవృక్షం పోండెరోసా పైన్. దీని కలప బరువును బట్టి వృక్షశాస్త్రవేత్త డేవిడ్ డగ్లస్ ఈ పేరు పెట్టాడు. పొడవైన సూదుల వంటి ఆకులు సాధారణంగా మూడేసి చొప్పున గుత్తులుగా ఉంటాయి. మన హిమాలయాలలోని సరళ వృక్షానికి (చిర్ పైన్) కూడా ఇదే లక్షణం. ముదిరిన చెట్టు బెరడు నారింజ రంగు పలకలుగా చీలి, ఎండ తగిలినపుడు వెనిల్లా వాసన వేస్తుంది.

హెలెనాలో ఏటా కురిసే వాన, మంచు కలిపి సుమారు 30 సెంటీమీటర్లు. అనంతపురం వర్షపాతంలో ఇంచుమించు సగం. ఎండ పడే వాలులలో చెట్లు దూరదూరంగా ఉండటానికి ఇది ఒక కారణం. రెండవ కారణం నిప్పు. పూర్వం ఇటువంటి అడవులలో కొన్నేళ్ళకొకసారి నేలబారు మంటలు వచ్చి గడ్డిని, చిన్న మొక్కలను కాల్చి పోయేవి. మందపాటి బెరడు గల పెద్ద చెట్లు మాత్రం నిలిచేవి. 1910 నాటి మహా దావానలం తరువాత ప్రభుత్వం ప్రతి మంటనూ ఆర్పించసాగింది. దానితో అడవులు చిక్కబడి, తరువాతి మంటలు చెట్ల కొనలకు ఎగబ్రాకే స్థితి వచ్చినది. మంచి ఉద్దేశంతో చేసిన పని ఎదురుతిరగడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

మాన్ గల్చ్ దుర్ఘటన

గడ్డి వాలులో నిప్పు ఎంత ప్రమాదమో ఇక్కడి వారికి అనుభవమే. హెలెనాకు ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని మాన్ గల్చ్ అనే లోయలో 1949 ఆగష్టు 5న మంటలార్పడానికి వెళ్ళిన 16 మందిలో 13 మంది మరణించారు. వారు ఎండుగడ్డి వాలు మీదుగా గట్టువైపు పరుగెత్తారు. పల్లంలోని మంట తన పైనున్న గడ్డిని ముందుగానే వేడెక్కిస్తుంది కాబట్టి ఎగువకు అతివేగంగా ప్రాకుతుంది; మనిషికేమో ఎక్కేకొద్దీ వేగం తగ్గుతుంది. నాయకుడు వాగ్నర్ డాడ్జ్ తన ముందున్న గడ్డికి తానే నిప్పుపెట్టి, కాలిన చోట బోర్లా పడుకొని బ్రతికాడు. మరి ఇద్దరు గట్టు మీది రాళ్ళ సందులోంచి అవతలికి దాటి బయటపడ్డారు.

నడిచేవారికి

వేసవిలో ఉదయమే బయలుదేరడం మంచిది. మధ్యాహ్నం ఉరుములు మొదలైతే గట్టు మీద మనిషే ఎత్తైన వస్తువు కావచ్చు. మబ్బు కమ్మగానే దిగిపోవాలి. నీరు ఇంటి నుండే తీసుకువెళ్ళాలి. పొగ కనిపిస్తే అది ఉన్న లోయకు ఎగువన నిలువరాదు. వసంతంలో గడ్డిలో పిడుదులు ఉంటాయి, కనుక తిరిగి వచ్చాక ఒళ్ళు పరీక్షించుకోవాలి. వేసవి మొదట్లో ఈ రాతినేలల మీదనే మోంటానా రాష్ట్ర పుష్పమైన బిట్టర్‌రూట్, దాదాపు ఆకులు లేకుండా, గులాబీ రంగులో నేలకు అంటుకొని పూస్తుంది.