అడిగే మనుమలు ఉంటే...

ఢిల్లీ పొరుగున ఉన్న గుర్గావ్ పేరును హర్యానా ప్రభుత్వం 2016లో గురుగ్రామ్‌గా మార్చింది. పాండవులూ కౌరవులూ తమ గురువు ద్రోణాచార్యునికి కానుకగా ఇచ్చిన గ్రామం ఇదేనని అక్కడి ఐతిహ్యం. ఆ పిల్లలను ద్రోణుని చేతిలో పెట్టినవాడు వారి తాత భీష్ముడు. గురువు పేరిట వెలసిన ఈ ఊరి వెనుక ఒక తాత ముందుచూపు కూడా ఉన్నదన్నమాట.

నేడు అదే ఊరి అద్దాల మేడలలో దేశం నలుమూలల నుండి వచ్చిన యువతీయువకులు పనిచేస్తున్నారు. వారిలో తెలుగువారు హైదరాబాదు చేరాలన్నా రైలులో 1,600 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. సెల్‌ఫోను ఆ దూరాన్ని చెరిపివేసింది. కాని ఆదివారం నాటి సంభాషణ ఎలా సాగుతుంది?

"బాగున్నావా అమ్మమ్మా?"

"బాగున్నానమ్మా."

"మందులు వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

అంతటితో మాటలు అయిపోతాయి. ప్రేమకు కొదువ లేదు. మాట్లాడుకోవడానికే విషయం లేదు.

ఆ మనుమరాలే వేసవిలో ఒకనాడు మామిడికాయలు కొని తెచ్చి, "ఆవకాయ ఎలా పెట్టాలి?" అని అడిగిందనుకోండి. అమ్మమ్మ గొంతు మారిపోతుంది. "కాయలు తడి లేకుండా తుడిచావా? ముక్కకు టెంక ఉండాలి సుమా, లేకుంటే మెత్తబడిపోతుంది. మూడోనాడు తిరగకలిపి, ఉప్పు చూసి నాకు చెప్పు." మూడోనాడు మళ్ళీ ఫోను మోగుతుంది. ఈసారి చేసేది అమ్మమ్మే!

వృద్ధులకు పరామర్శ ఒక్కటే చాలదు. తమతో ఇంకా పని ఉన్నదన్న నమ్మకం కావాలి.

2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం "పిల్లలు" అన్న మాటలో యుక్తవయస్సు వచ్చిన మనుమలను, మనుమరాండ్రను కూడా చేర్చింది. పోషణలో తిండి, బట్ట, వసతి, వైద్యం ఇమిడి ఉన్నాయని వివరించింది. ఇవన్నీ అవసరమే. కాని తాతగారిని సలహా అడగమని ఏ చట్టం శాసించగలదు?

యుద్ధం ముగిశాక ధర్మరాజు అంపశయ్యపై ఉన్న భీష్ముని వద్దకు వెళ్ళాడు. కుశలం అడిగి ఊరుకోలేదు. రాజ్యం ఎలా ఏలాలో చెప్పమన్నాడు. దేహమంతా బాణాలు నాటుకున్న ఆ వృద్ధుడు చెప్పిన సమాధానాలే తిక్కన తెనిగించిన శాంతి, ఆనుశాసనిక పర్వాలలో విస్తరించాయి. మనుమడు అడగకపోయి ఉంటే, ఆ సంపద అంతా తాతతోనే వెళ్ళిపోయేది.