కాంటాకు అందని జవాబు

తాండూరు వ్యవసాయ మార్కెట్ యార్డుకు ప్రాజెక్టు పని మీద ఒక ఎంబీఏ విద్యార్థి వచ్చాడనుకుందాం. చేతిలో ఇరవై ప్రశ్నల ఫారం. కంది అమ్ముకోవడానికి వచ్చిన పెద్దాయనను అడుగుతాడు: ‘మన కందికి జీఐ గుర్తింపు వచ్చింది కదా, మీ సంతృప్తికి ఐదులో ఎన్ని మార్కులు?’ ఆయన కాసేపు చూసి ‘నాలుగు రాసుకో బిడ్డా’ అంటాడు.

ఆ నాలుగులో ఏముంది? ధర కలిసొచ్చిందనా? ఊరి పేరు పదిమందికీ తెలిసిందన్న సంబరమా? ఎండలో నిలబడ్డ పిల్లవాణ్ని చిన్నబుచ్చడం ఇష్టం లేకనా? మూడింట్లో ఏదైనా ఫారంలో పడేది ఒకే అంకె.

అంకెలను తీసిపారేయమని నేననను. యార్డుకు ఎన్ని క్వింటాళ్లు వచ్చాయో, ధర ఎంత పలికిందో అంకెలే చెప్పాలి. ఎందుకు, ఎలా అన్న ప్రశ్నల దగ్గరే వాటికి సాయం కావాలి. మనుషుల మాటను, నడతను, వాళ్లు దేనికి ఏ అర్థం ఇచ్చుకుంటున్నారో దాన్ని పద్ధతిగా పట్టుకునే పనే గుణాత్మక పరిశోధన. దీన్ని కాలక్షేపం కబుర్ల కింద జమకట్టే బిజినెస్ విద్యార్థులు చాలామంది. నిజానికి ఫారం నింపడం కంటే ఇదే కష్టం.

మొదటి కష్టం ప్రశ్న దగ్గరే. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. దరఖాస్తు పెట్టింది యాలాల్ రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. ఇక్కడి నల్లరేగడి నేల వల్ల గింజకు వచ్చిన రుచీ, ఉడికే గుణమూ ఆ గుర్తింపుకు ఆధారం. ‘జీఐ ప్రభావం’ అని శీర్షిక పెడితే ఏడాది తిరిగినా పని తెగదు. ‘తాండూరు అన్న పేరు చేను నుంచి హైదరాబాద్ కిరాణా కొట్టు దాకా ఎలా వెళుతోంది, దారిలో ఎక్కడ జారిపోతోంది?’ అని అడిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ ప్రశ్నే చూపిస్తుంది. సొంత భూమి రైతు, కౌలు రైతు, అడ్తిదారు, ఖరీదుదారు, సంచులెత్తే హమాలీ, పప్పు మిల్లు యజమాని, కొట్టువాడు, చివరికి పొయ్యి మీద పప్పు పెట్టే అమ్మ. ఇక్కడ తల లెక్క కంటే చోటు ముఖ్యం. ఒకే రకం రైతులు యాభైమందిని కలిసినా కౌలు రైతు మాట వినబడకపోవచ్చు. ఎంతమంది దగ్గర ఆపాలన్నదానికి గ్లేసర్, స్ట్రాస్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు 1967లో ఒక గురుతు చెప్పారు: కొత్త మనిషిని కలిసినా కొత్త సంగతి రావడం లేదంటే ఆ అంశం నిండినట్టు. వాళ్లు దాన్ని సంతృప్త స్థితి అన్నారు.

ఇక అడగడం. ‘మామూలుగా మీరు ఎలా అమ్ముతారు?’ అంటే ‘ఏముంది, అందరి లెక్కనే’ అన్న జవాబే వస్తుంది. ‘పోయినసారి కంది తెచ్చిన రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో చెప్పండి’ అనండి. బండి కిరాయి, తేమ గొడవ, ఎవరి మాట మీద ధరకు ఒప్పుకున్నదీ ఒక్కొక్కటే బయటికొస్తాయి. వేలం జరుగుతుండగా అడగకండి. ఆయన కళ్లు కుప్ప మీద ఉంటాయి. కాంటా అయి, తక్‌పట్టీ (అమ్మకం రసీదు) చేతికొచ్చి, చాయ్ తాగే వేళ దాకా ఆగండి. ఆ లోపు ఊరికే కూర్చోకుండా చూడండి. ఖరీదుదారు గింజను అరచేతిలో ఎలా నలుపుతున్నాడు? ‘తాండూరు’ అన్న పేరు ఎవరి నోటైనా వచ్చిందా? చెప్పిన మాటకూ చూసిన దానికీ తక్‌పట్టీలో ఉన్నదానికీ పొంతన కుదరని చోటే మీకు అసలు దారి దొరుకుతుంది.

తాండూరు కర్ణాటక సరిహద్దు ఊరు. తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే అంగట్లో కలిసి వినబడతాయి. అందుకని మాటను రికార్డు చేసి, అన్నది అన్నట్టే రాసుకోవాలి. రైతు ‘గింజ తీరుంది’ అన్నాడనుకోండి. నోట్సులో దాన్ని ‘నాణ్యత’ అని దిద్దితే సగం అర్థం పోయినట్టే. ఆ మాటనే ఒక చీటీగా పెట్టి, అది మరెవరి నోట ఏ సందర్భంలో వచ్చిందో చూడాలి. అలాంటి చీటీలు పక్కపక్కన చేరితేనే విశ్లేషణ మొదలవుతుంది.

ఇలా విని, చూసి రాసుకోవడం మన గడ్డకు కొత్త విద్య కాదు. హైదరాబాద్ పక్కన శామీర్‌పేటను ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందంతో అధ్యయనం చేసి మానవ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1955లో ‘ఇండియన్ విలేజ్’ ప్రచురించారు. ఒక్క ఊరిని ఓపికగా చూస్తే ఎంత తెలుస్తుందో చూడాలనుకునేవారికి ఇప్పటికీ ఆ పుస్తకం చూపిస్తాను.

ఇక రాసేటప్పుడు ఒక జాగ్రత్త. పేరు రాయనంత మాత్రాన మనిషి దాగడు, ముఖ్యంగా చిన్న పట్టణంలో. ‘రెండు కొట్లున్న అడ్తిదారు, కొడుకు బెంగళూరులో’ అని రాస్తే యార్డు మొత్తం ఇట్టే పోల్చుకుంటుంది. ఆయన రేపు కూడా అక్కడే వ్యాపారం చేసుకోవాలి. అందుకే ముందే అనుమతి అడగండి, గురుతులు చెరిపేయండి. రాసింది కాలేజీకి ఇచ్చే ముందు మళ్లీ తాండూరు బస్సెక్కి ఆ పెద్దాయనకు చదివి వినిపించండి. ‘గట్ల కాదు బిడ్డా’ అంటే అక్కడే కూర్చుని, ఎట్లనో అడిగి రాసుకోండి.