కారు చక్రమునకు సమతూకము: తగిన పద్ధతి నెన్నుకొనుట

భూచక్రము శివకాశివారికి క్రొత్త వస్తువు కాదు. బరువు అన్నివైపుల సమముగా నున్న చక్రము ఉన్నచోటనే నిలిచి తిరుగును. ఒకవైపు బరువెక్కినచో ఎగిరెగిరి పడుచు ప్రక్కకు తొలగిపోవును. కారు చక్రమునకును ఇదే న్యాయము. అయితే భూచక్రపు ఆయుస్సు కొన్ని క్షణములు మాత్రమే. కారు చక్రము వేలకొలది కిలోమీటర్లు తిరుగవలెను.

కొన్నియేండ్ల క్రిందట కార్తిక మాసపు వానలలో, కోవిల్‌పట్టి చెంత నొక గ్రామమునకు పెండ్లికి పోయితిని. ఊరిబాట యంతయు నల్లరేగడి. మరునాడు సాత్తూరు మీదుగా విరుదునగరమునకు పెద్దబాటపై వచ్చుచుండగా, వేగము 80 కిలోమీటర్లు దాటగానే స్టీరింగు వణకసాగెను. ఒక దుకాణమున అలైన్‌మెంటు చేసి రుసుము గైకొనిరి, వణకు తగ్గలేదు. పిమ్మట రెండు క్రొత్త టైర్లు కొనుమనిరి. ఉపాధ్యాయుని జీతమున కది చిన్న మాట కాదు. తుదకు వేరొక ముసలి మెకానిక్కు చక్రమును విప్పి, రిమ్ము లోపలివైపున ఎండి గట్టిపడిన రేగడిమట్టిని చూపెను. దానిని గీకివేసి, యంత్రముపై తూకము సరిచేసినంతనే దోషము తీరినది. ఈ విషయమును నలుగురికి తెలుపవలెనను కోరిక నాటినుండి కలిగినది.

చిటికెడు బరువు ఇంత పని యెట్లు చేయునని సందేహము కలుగవచ్చును. సుమారు 30 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల చక్రము గంటకు 100 కిలోమీటర్ల వేగమున సెకనుకు దాదాపు 15 మారులు తిరుగును. ఇరుసునుండి 18 సెంటీమీటర్ల దూరమున, రిమ్ము అంచున, 20 గ్రాముల బరువు అధికముగా నున్నచో, అది ప్రతి చుట్టులోను సుమారు 3 కిలోల బరువంత బలముతో చక్రమును వెలికి లాగును. వేగము 50కి తగ్గినచో ఆ బలము నాలుగవ వంతు, అనగా ముప్పాతిక కిలో మాత్రమే యగును. ఊరిలో మెల్లగా పోవునపుడు కనబడని దోషము పెద్దబాటపై బయటపడుట కిదియే కారణము.

ఈ దోషము రెండు విధములు. చక్రమున ఒకచోట బరువు హెచ్చినచో అది పైకి క్రిందికి ఎగురును; ఇది స్థిర దోషము. లోపలి అంచున ఒకచోటను, వెలుపలి అంచున సరిగా దాని కెదురుచోటను బరువు హెచ్చినచో, నిలిపి తూచినపుడు తప్పు కానరాదు. తిరుగునపుడు మాత్రము చక్రము కుడియెడమలకు ఊగును. ఇది చలన దోషము. సామాన్యముగా ఈ రెండును కలిసియే యుండును.

ఇక పద్ధతులు. మొదటిది, చక్రమును విప్పి ఒక మొనపై పరుండబెట్టి, మేస్త్రీల రసమట్టములోవలె బుడగ నడిమికి వచ్చువరకు బిళ్లలుంచి చూచుట. ఇది చౌక, కాని స్థిర దోషమునే చూపును. రెండవది, చక్రమును ఎలక్ట్రానిక్ యంత్రపు ఇరుసునకు బిగించి త్రిప్పుట. రిమ్ము వ్యాసము, వెడల్పు, దాని దూరము తెలిపినచో, ఏ అంచున ఎచ్చట ఎన్ని గ్రాములు చేర్చవలెనో యంత్రము చూపును. మూడవది, చక్రమును కారునుండి విప్పకయే త్రిప్పుట. ఇందు బ్రేకు డ్రమ్ము తూకము కూడ సరియగును. కాని చక్రమును మరల విప్పి వేరు రంధ్రములకు బిగించినచో ఆ సవరణ చెడును. ఇవికాక, టైరును ఒక రోలరుతో అదిమి, దాని గట్టిదనములోని తేడాను కొలుచు యంత్రములును కలవు.

నేటి వెడల్పు చక్రములుగల కార్లకు రెండవ పద్ధతియే తగినది. ఏలయన, అది ఇరుదోషములను కనుగొనును. అది చేసిన పిదపను వణకు నిలిచియున్నచో, రిమ్ము వంగినదేమో, టైరు గుండ్రదనము తప్పినదేమో పరీక్షింపవలెను. రోలరు యంత్రము అప్పుడు ఉపకరించును. కారు ఒక ప్రక్కకు లాగినను, టైరు ఒక అంచుననే అరిగినను, తూకమును గాక గాలిని, అలైన్‌మెంటును చూడవలెను. స్టీరింగు వణకినచో దోషము తరచుగా ముందు చక్రములలోను, ఆసనము వణకినచో వెనుక చక్రములలోను ఉండును.

యంత్ర మెంత మంచిదైనను చేయి సరిగా లేనిచో ఫలము లేదు. ముందుగా మట్టిని కడిగి, పాతబిళ్లలను తీసివేయవలెను. చక్రము ఇరుసునకు సరిగా నడిమిన బిగియవలెను. ఉక్కు రిమ్ములకు అంచున తగిలించు బిళ్లలును, అల్లాయ్ రిమ్ములకు అంటించు బిళ్లలును వాడుదురు. అంటించుచోటును శుభ్రముగా తుడువవలెను. బిళ్లలు వేసిన పిదప మరల త్రిప్పి, రెండువైపుల సున్న వచ్చెనా యని చూడవలెను. క్రొత్త టైరు వేసినపుడును, పంచరుకై టైరును రిమ్మునుండి తీసినపుడును, బిళ్ల ఊడినపుడును ఈ పని తప్పదు.

కావున కారుగల సోదరులు దుకాణమునకు పోయినపుడు మూడు ప్రశ్న లడుగుదురు గాక: చక్రము కడిగితిరా? రెండువైపుల చూచితిరా? మరల త్రిప్పి చూపుదురా? ఈ మూడు ప్రశ్నలకు ఖర్చు లేదు. నేను వాని నడుగనందున, తీరని దోషమునకు రుసుము చెల్లించితిని. రెండు టైర్ల వెల మాత్రము ఒక ముసలి మెకానిక్కు దయవలన దక్కినది.