టొరంటో నుంచి హైదరాబాదుకు ఎంత దూరం? ఎన్ని గంటలు?

"తాతగారి ఊరు ఎంత దూరం?" అని పిల్లలు అడిగితే, "ఒక రోజంతా విమానంలో కూర్చోవాలి" అని చెప్పి ఊరుకుంటాం. ఈసారి లెక్క వాళ్ళ చేతనే వేయిద్దాం.

చిన్నారులూ! ఒక గ్లోబు, ఒక దారం తెచ్చుకోండి. దారం ఒక కొస టొరంటో మీద, రెండో కొస హైదరాబాదు మీద పెట్టి బిగించి లాగండి. గోడ మీది పటంలో దారి అట్లాంటిక్ సముద్రం, ఉత్తర ఆఫ్రికాల మీదుగా పోవాలనిపిస్తుంది. దారం మాత్రం ఉత్తరానికి ఎక్కి గ్రీన్‌లాండ్, రష్యాల మీదుగా కిందికి దిగుతుంది. భూమి గుండ్రంగా ఉంది కనుక అదే దగ్గరి దారి. దాని పొడవు సుమారు 12,900 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా పోతే 14 గంటల పైచిలుకు పడుతుంది.

మరి మన ప్రయాణానికి 20 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఎందుకవుతుంది? లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, దుబాయ్, ఢిల్లీ వంటి చోట్ల విమానం మారినప్పుడు కాచుకునే గంటలు కలుస్తాయి. అన్ని దేశాల మీదుగా ఎగరడానికీ వీలుండదు. 2022 ఫిబ్రవరిలో రష్యా తన గగనతలాన్ని కెనడా విమానాలకు మూసివేసింది. పైగా ఆకాశంలో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. ఇండియాకు వెళ్ళేటప్పుడు అవి విమానాన్ని ముందుకు తోస్తాయి, వచ్చేటప్పుడు ఎదురవుతాయి.

ఇక గడియారం సంగతి. ప్రపంచమంతటికీ ఒక పద్ధతి ప్రకారం కాలమండలాలు ఉండాలని 1879లో మన టొరంటోలోనే సర్ శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ ప్రతిపాదించారు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. టొరంటో సమయానికి ఆధారం 75 డిగ్రీల పశ్చిమ రేఖాంశం. భారత సమయానికి ఆధారం మన కాకినాడ సమీపంగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. రెండూ కలిపితే 157.5. దాన్ని 15తో భాగిస్తే పదిన్నర గంటలు! మార్చి రెండవ ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా ఇక్కడి గడియారాలు ఒక గంట ముందుంటాయి కనుక, అప్పుడు తేడా తొమ్మిదిన్నర గంటలే.

ఒక ఉదాహరణ. డిసెంబరులో శుక్రవారం రాత్రి 10 గంటలకు ఇక్కడ బయలుదేరి, ఆదివారం తెల్లవారుజామున 4:30కి హైదరాబాదు చేరామనుకోండి. టికెట్టు చూస్తే ముప్ఫయిన్నర గంటలు. పదిన్నర తీసివేస్తే అసలు ప్రయాణం 20 గంటలు. తిరిగి వచ్చేటప్పుడు ఆదివారం తెల్లవారుజామున 4కి బయలుదేరి అదే రోజు సాయంత్రం 4కి ఇక్కడ దిగితే, 12 గంటలే అనిపిస్తుంది. పదిన్నర కలపాలి: ఇరవై రెండున్నర!

పెద్దలారా, ఇది ఆటలెక్క మాత్రమే కాదు. మన దగ్గరికి వచ్చే అమ్మమ్మలు, తాతయ్యలు షుగరుకు, బీపీకి మందులు వాడుతుంటారు. టికెట్టు మీద 12 గంటలే కనిపిస్తోందని రెండు పూటల మందులు చాలనుకుంటే పొరపాటు. అసలు గంటలు లెక్కగట్టి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఇన్సులిన్ ఎప్పుడు తీసుకోవాలో ముందే డాక్టరుగారిని అడగండి. మందులు చేతిసంచిలోనే ఉంచమనండి.

పిల్లలూ! అమ్మమ్మ టికెట్టు కొనగానే మీరే లెక్క వేసి, ఫోనులో ఆవిడకు చెప్పండి. చక్కగా, తెలుగులో!