పొగాకు పోయాక ఊరికి ఏం మిగలాలి?

2022 దీపావళికి అమెరికాలోని క్యారీ అనే ఊళ్లో శ్రీ వేంకటేశ్వర ఆలయంలో 87 అడుగుల గోపురాన్ని నార్త్ కరోలినా రాష్ట్రపు అప్పటి గవర్నర్ రాయ్ కూపర్ ప్రారంభించారు. 1960లో ఆ ఊరి జనాభా మూడు వేల పైచిలుకు. 2020 జనగణనకు లక్షా 74 వేలు దాటింది. అందులో మన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. రైలు దారి పక్కన పుట్టిన ఊరు ఇంత ఎలా ఎదిగిందో వాళ్లకు బాగానే తెలుసు. ఆ ఎదుగుదల పక్క పల్లెలకు ఎంత చేరింది, ఎక్కడ ఆగిపోయింది అన్న సంగతే మన దగ్గర చర్చకు రాదు. ప్రకాశం జిల్లా పొగాకు రైతుకు పనికొచ్చే కథ అదే.

ఆ రైతుకూ నార్త్ కరోలినా నేలకూ చుట్టరికం పాతది. ఆకును పసుపు రంగుకు తిప్పే కాల్పు పద్ధతి 1839లో అక్కడి కాస్వెల్ కౌంటీలో పుట్టింది. కనిపెట్టినవాడు స్టీఫెన్ అనే నల్లజాతి బానిస. 1920లలో అలా కాల్చే వర్జీనియా పొగాకు గుంటూరు ప్రాంతానికి వచ్చింది. ఒంగోలు, కందుకూరు పరిసరాల్లో ఇప్పటికీ ఆకు అల్లి బ్యారన్‌లో కాలుస్తున్నారు.

1950లలో నార్త్ కరోలినా అమెరికాలోని బీద రాష్ట్రాల్లో ఒకటి. పొగాకు, బట్టల మిల్లులు, ఫర్నిచర్ తప్ప చెప్పుకోదగ్గ మరో ఆధారం లేదు. చదువుకున్న పిల్లలు ఉద్యోగాల కోసం రాష్ట్రం దాటిపోయేవాళ్లు. అప్పటి గవర్నర్ లూథర్ హాడ్జెస్ హయాంలో మూడు విశ్వవిద్యాలయాల నడుమ ఉన్న పైన్ చెట్ల భూమిలో 1959లో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ మొదలైంది. దాన్ని లాభాపేక్ష లేని సంస్థగా నిలబెట్టడానికి బ్యాంకర్ ఆర్చీ డేవిస్ రాష్ట్రమంతా తిరిగి విరాళాలు పోగుచేశాడు. తొలి ఏళ్లలో పెద్దగా ఎవరూ రాలేదు. 1965లో ఐబీఎం వస్తామని ప్రకటించాకే పార్కు నిలదొక్కుకుంది. ఇవాళ దాదాపు 7 వేల ఎకరాల్లో 50 వేలకు పైగా ఉద్యోగులు పనిచేస్తున్నారు. క్యారీ పెరిగింది ప్రధానంగా దాని పక్కన ఉండబట్టే.

కానీ పార్కు వెలుగు గంట ప్రయాణం దాటితే పలచబడిపోయింది. 2003 జులైలో కనాపొలిస్ అనే మిల్లు ఊళ్లో పిలోటెక్స్ బట్టల కంపెనీ మూతపడి, ఒక్కరోజులో నాలుగు వేల మందికి పైగా రోడ్డున పడ్డారు. వాళ్లలో చాలామంది హైస్కూలు కూడా పూర్తి చేయలేదు. మరుసటి ఏడాది దేశమంతటా, ఎవరు ఎంత పొగాకు అమ్మాలో తేల్చే కోటా విధానం రద్దయింది. కోటాదారులకూ రైతులకూ పదేళ్లపాటు, మొత్తం దాదాపు వెయ్యి కోట్ల డాలర్ల పరిహారం ఇచ్చారు. ఆ డబ్బు అందుకుని ఎన్నో కుటుంబాలు పొగాకు మానేశాయి.

ఆ దెబ్బకు మందు కొంత ముందే సిద్ధమై ఉండటం నాకు అన్నింటికంటే విలువైన విషయంగా కనిపిస్తుంది. 1998లో సిగరెట్ కంపెనీలు 46 రాష్ట్రాలతో భారీ పరిహార ఒప్పందం చేసుకున్నాయి. నార్త్ కరోలినా తన వాటాలో సగాన్ని పొగాకు మీద ఆధారపడిన, వెనకబడిన కౌంటీల కోసం విడిగా పెట్టింది. దానికోసం 1999లో గోల్డెన్ లీఫ్ ఫౌండేషన్‌ను ఏర్పాటుచేశారు. ఆ డబ్బులో కొంత భాగం బయోటెక్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల శిక్షణకు వెళ్లింది. రాష్ట్రంలో 58 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. ఉద్యోగాలు కల్పించే కంపెనీకి కావాల్సిన శిక్షణను అవి ప్రభుత్వ ఖర్చుతో ఇస్తాయి. క్యారీకి తూర్పున, పొగాకుకు పేరున్న జాన్‌స్టన్ కౌంటీలోని క్లేటన్‌లో ఇవాళ నోవో నార్డిస్క్ కంపెనీ మధుమేహం మందులు తయారుచేస్తోంది. అలాంటి ప్లాంటులో పని దొరకాలంటే అందరికీ డాక్టరేట్ అక్కర్లేదు. శుభ్రత నియమాలు, యంత్రం, కొలతలు తెలిస్తే చాలా కొలువులకు సరిపోతుంది.

కంపెనీని నమ్ముకుంటే ఏమవుతుందో కూడా అక్కడే చూడొచ్చు. క్యారీ పడమటి అంచు తగిలే చాథమ్ కౌంటీలో 7,500 ఉద్యోగాలిస్తామని విన్‌ఫాస్ట్ కార్ల సంస్థ 2022లో ప్రకటించింది. ప్రకటించిన గడువు దాటిపోయింది, ఫ్యాక్టరీ రాలేదు. కాలేజీలో నేర్చుకున్న పని మాత్రం ఇంకో యజమాని దగ్గరైనా పనికొస్తుంది.

ఇప్పుడు మన సంగతి. గుంటూరులో టుబాకో బోర్డు 1976 నుంచి ఉంది. రాజమండ్రిలో 1947లోనే పొగాకు పరిశోధనా కేంద్రం వెలిసింది. పంట బాగా పండించడానికి ఇన్ని ఏర్పాట్లున్నా, పంట మానేసినవాడి బిడ్డ ఏం చేయాలో చెప్పే ఏర్పాటు లేదు. 2025లో నల్లబర్లీ పొగాకు కొనేవాళ్లు లేక రాష్ట్ర సహకార సంస్థ మార్క్‌ఫెడ్ రంగంలోకి దిగాల్సి వచ్చింది. అది ఆ ఏటి అవసరం, కాదనలేం. రేపటి సంగతి మాత్రం తేలలేదు.

ఊరి పక్కన పని ఉన్నా మనవాళ్లు వెళ్లరన్నది అబద్ధం. తడ దగ్గర శ్రీసిటీలో 2015లో మొదలైన ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. కంపెనీ బస్సెక్కి పల్లెల నుంచే వచ్చారు.

సిగరెట్ల మీద ప్రభుత్వాలకు ఏటా వేల కోట్ల పన్ను వస్తోంది. అందులో ఒక చిన్న వాటాను పొగాకు మండలాల పిల్లల శిక్షణకు చట్టం ద్వారా కేటాయించాలి. ఏ ప్రభుత్వం వచ్చినా వేరే ఖర్చుకు మళ్లించే వీలుండకూడదు. శిక్షణకు తగ్గ పని దగ్గర్లోనే ఉంది. చీమకుర్తి గ్రానైట్‌లో ఎంతో దిమ్మెలుగానే ఓడెక్కి పోతోంది. కోసి, నునుపు చేసి పంపడానికి యంత్రం నడిపేవాళ్లు కావాలి. తీరంలో రొయ్యల ప్లాంట్లకు ల్యాబ్ టెక్నీషియన్లు కావాలి. ఒంగోలు పాలిటెక్నిక్‌లో ఈ పనులు నేర్పే కోర్సులు సాయంత్రం పూట, ఫీజు లేకుండా, బ్యారన్ పనుల కాలం తప్పించి నడపాలి. క్యారీ చుట్టుపక్కల ఫార్మా ప్లాంట్లలో పనిచేస్తున్న మన జిల్లావాళ్లు ఊరి గుడికి విరాళం పంపే చేత్తోనే అక్కడి కాలేజీల శిక్షణ పాఠాలు తెప్పించి, తెలుగులో చెప్పి, ఏటా వేసవిలో ఒక నెల వచ్చి నేర్పగలరు.