కడుపుకోతకు కత్తికోత తోడు కాకుండా

బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దుఃఖానికి తెలుగువారు పెట్టుకొన్న పేరు కడుపుకోత. పురిటిమంచం మీది ఆ తల్లి నోట ఏడుపు వెంటనే ఒక ప్రశ్న వెలువడుతుంది: ‘నా బిడ్డ ఎందుకు పోయినట్లు?’ పైకి రాని ప్రశ్నలు మరి రెండు: తప్పు నాదా? మళ్ళీ ఇట్లే జరుగుతుందా?

వీటికి సమాధానం వెదకుటకు వైద్యశాస్త్రానికి చిరకాలంగా ఉన్న ప్రధాన మార్గం శవపరీక్ష. లోపం వంశానుగతమైనదో, యాదృచ్ఛికమో తేలితేనే రాబోవు కాన్పును గురించి సలహా చెప్పవచ్చును. కాని కడుపుకోత అనుభవించుచున్న తల్లిని మరొక కోతకు అనుమతి అడుగుట ఎంత కఠినం! యూదులు, ముసల్మానులు ధర్మదృష్టితో కూడ సంకోచిస్తారు. ఇంగ్లండులో తల్లిదండ్రులకు తెలియకుండ పిల్లల అవయవాలను దాచి ఉంచిన సంగతి 1999లో బయటపడి, 2001లో విచారణ నివేదిక వెలువడినప్పుడు ప్రజల విశ్వాసం మరింత సడలినది. 2004లో అక్కడ మానవ కణజాల చట్టం వచ్చినది.

కోయకుండ లోపలికి చూచే కన్ను 1895లో తెరుచుకొన్నది. ఆ ఏడు జర్మనీలోని వుర్జ్‌బర్గులో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. ఎముకల లోపాలకు నేటికీ ఆ కిరణాలే ఆధారం. ప్రాణాంతకమైన ఒక అస్థిరుగ్మతలో తొడ ఎముక టెలిఫోను చేతిపిడివలె వంగి ఉంటుంది. చూచిన వైద్యుడు ఇట్టే పోల్చుకొంటాడు.

మెత్తని అవయవాలకు అయస్కాంత అనునాదంతో పనిచేసే ఎం.ఆర్.ఐ. యంత్రం కావలెను. గర్భస్థ శిశువు మెదడులో నీటిపాలు హెచ్చు. మరణానంతరం అది మరింత మెత్తబడి, పుర్రె తెరచినంతనే చెదరిపోవచ్చును. యంత్రం దానిని ఉన్నచోటనే ఉంచి చూపుతుంది. ఇక్కడ కత్తి కంటె చిత్రమే మేలు.

లండనులోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్, యూనివర్సిటీ కాలేజి ఆసుపత్రుల వైద్యులు 400 మంది గర్భస్థ శిశువులకు, పిల్లలకు రెండు విధాల పరీక్షలూ జరిపి, ఫలితాలను 2013లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. ఎం.ఆర్.ఐ. చిత్రాలకు రక్తపరీక్ష, మావి పరీక్ష వంటివి జోడింపగా, 357 సందర్భాలలో ఫలితం శవపరీక్షతో ఏకీభవించినది. గర్భస్థ శిశువులలో ఈ ఏకీభావం నూటికి 94కు మించినది. ఏడాది దాటిన పిల్లలలో సగానికి కొంచెమే పైన. చిత్రం ఆకృతిలోని లోపాన్ని చక్కగా చూపుతుంది. న్యుమోనియా వంటి వ్యాధిని అంత స్పష్టంగా పట్టలేదు. కనుక కత్తికి పని పూర్తిగా తీరలేదు.

తొలి మాసాల పిండం వ్రేలెడే ఉంటుంది. ఎం.ఆర్.ఐ.కి దాని వివరాలు సరిగా అందవు. దానిని అయోడిన్ ద్రావణంలో నానవేసి, సూక్ష్మమైన సి.టి. యంత్రంతో చిత్రిస్తారు. లోపలి చిన్నారి గుండె గదులు సైతం కనిపిస్తాయి.

ఇంత చేసినా కొన్ని మరణాలకు కారణం దొరకదు. దొరికినా పోయిన బిడ్డ తిరిగి రాదు. అయినను ఆ శ్రమ వృథా కాదు. పెదవి చీలి పుట్టిన బిడ్డను చూచి మనవారు ‘గ్రహణంమొర్రి’ అన్నారు. నిండుచూలాలు గ్రహణవేళ కదలినదన్న నింద ఆ మాటలోనే ఉన్నది. అట్టి నిందను తుడిచివేయుటకు ఓదార్పు మాటలు చాలవు, నిజం కావలెను. ‘అమ్మా, తప్పు నీది కాదు’ అని వైద్యుడు ఆ నిజాన్ని చూపి చెప్పగలిగిననాడు, కడుపుకోత మానకపోయినా, అందులోని ముల్లు ఊడివస్తుంది.